1995 ఆగస్టు నాటి తెలుగు పత్రికలు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

1994 డిసెంబరులో 294కి 216 సీట్లు గెలిచిన ఎన్టీఆర్‌ను తొమ్మిది నెలలు నిండకుండానే సొంత ఎమ్మెల్యేలే దించేశారు. ఆయన భార్య లక్ష్మీపార్వతి జోక్యమే కారణమని అందరూ చెబుతారు. కానీ ‘ఇలాగైతే మళ్లీ గెలవలేం’ అన్న భయం ఆ ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్‌లో మకాం వేసిన రోజుల్లోనే ఉందా, లేక 1996 లోక్‌సభ ఫలితాలు చూశాక చేర్చిన మాటా? నా ఎంఏ ప్రాజెక్టు మొత్తం దీని మీదే ఉంది.

నగరంలోని ఒక పెద్ద గ్రంథాలయంలో రెండు శనివారాలు వెతికాను. జులై బైండు ఉంది, సెప్టెంబరుదీ ఉంది, ఆగస్టుదే లేదు. ఆన్‌లైన్‌లో అంత పాతవి దొరకలేదు. అప్పట్లో రిపోర్టింగ్ చేసిన ఇద్దరిని అడిగితే చెరో రకంగా చెప్పారు. జ్ఞాపకాలు కాదు, ఆ రోజు అచ్చయిన మాటే కావాలి.

1995 ఆగస్టు 20 నుంచి సెప్టెంబరు 1 వరకు ఏదైనా తెలుగు దినపత్రిక హైదరాబాద్‌లో ఎక్కడ చూడొచ్చు?