గ్రీన్ శాండ్‌పైపరా, వుడ్ శాండ్‌పైపరా? ఎగిరిపోయే క్షణంలో ఏం చూడాలి?

నమస్కారం. అడవులు, కొండలు, మధ్యలో చిత్తడి నేలలు ఉన్న చోట పక్షులు చూస్తుంటాను. సముద్రానికి చాలా దూరం కాబట్టి ఇక్కడ ఉల్లంకి పిట్టల (శాండ్‌పైపర్ల లాంటి నీటి ఒడ్డు పిట్టల) రకాలు తక్కువే. అయినా గ్రీన్, వుడ్ శాండ్‌పైపర్లలో ఏది ఏదో తేల్చుకోలేక ప్రతిసారీ ఆగిపోతున్నాను.

తీరిగ్గా నిలబడితే ఇబ్బంది లేదు. వుడ్‌కి కంటి మీది తెల్ల గీత కన్ను దాటి వెనక్కి సాగుతుంది, వీపు నిండా మచ్చలుంటాయి, కాళ్లు కాస్త పసుపు. గ్రీన్ ముదురు రంగులో ఉంటుంది, గీత కంటి ముందే ఆగిపోతుంది. కానీ అడవి అంచు మడుగుల దగ్గర నేను చూసేలోపే అది నన్ను చూసి ఎగిరిపోతుంది! వెనక నుంచి రెండింటికీ నడుము తెల్లగానే కనిపిస్తుంది. రెక్కల అడుగు గ్రీన్‌కి నల్లగా, వుడ్‌కి లేతగా ఉంటుందని తెలుసు. సాయంత్రం వెలుతురులో దాన్ని నమ్మవచ్చా? లేక అరుపే మేలా? అరుపుల తేడా చెవికి పట్టాలంటే ఎలా సాధన చేశారు?

ఇంకొకటి. గ్రీన్ శాండ్‌పైపర్ నేల మీద కాకుండా చెట్ల మీది పాత పిట్టగూళ్లలో గుడ్లు పెడుతుంది. నీటి ఒడ్డు పిట్టకి ఈ అలవాటు నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. వుడ్ కూడా అప్పుడప్పుడు అలా చేస్తుందంటారు కాబట్టి, గూడు కట్టే కాలంలో కొమ్మ మీద కనిపిస్తే దాన్ని ఆనవాలుగా తీసుకోవచ్చా?

నా దగ్గర 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) ఉంది. అడవిలో దానికి తిరుగులేదు. చిత్తడి నేలల కోసం స్కోప్ (దూరపు పిట్టల్ని ఒంటి కంటితో చూసే దుర్భిణి) కొనాలా, 10×42 సరిపోతుందా? కొండలెక్కేటప్పుడు స్కోప్ మోసేవాళ్లు తప్పకుండా చెప్పండి.