దుమ్ము ఊళ్లో డెస్క్‌టాప్: ఫ్యాన్లు ఎటు తిప్పాలి, ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి?

రాతినేల:
అందరికీ నమస్కారం. మాది తాండూరు. మా వీధి చివర నాపరాయి పాలిష్ యూనిట్లు ఉన్నాయి. తలుపులు వేసుకున్నా సాయంత్రానికి టేబుల్ మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. కొత్త సిస్టమ్ బిగించుకుంటున్నాను. క్యాబినెట్‌లో ముందు మూడు, వెనక ఒకటి, అన్నీ 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లే. పైన ఇంకో రెండింటికి చోటుంది. ఫిల్టర్లు మాత్రం పైన, అడుగున ఇచ్చారు. ముందు ఉత్త మెష్. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పైన రెండు ఫ్యాన్లూ గాలిని బయటికి తోసేలా పెడదామనుకుంటున్నా. మీరెలా పెట్టుకున్నారో చెప్పండి.

పాతబోర్డు:
అన్నా, పైన ఫ్యాన్లు ఇప్పుడే కొనకండి. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) చాలా ఏళ్లుగా సిస్టమ్‌లు బిగిస్తున్నాను. దుమ్ము ఊళ్లకు వెళ్లే క్యాబినెట్లలో మొదట చూసేది ఒక్కటే: లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి కంటే ఎక్కువగా ఉందా లేదా. లోపలికి ఎక్కువ వస్తే, మిగిలిన గాలి సందుల్లోంచి బయటికి పోతుంది. అలాంటప్పుడు దుమ్ముకు ఫిల్టర్ దారి తప్ప వేరే దారి ఉండదు. బయటికి ఎక్కువ తోస్తే, ఆ లోటు తీర్చడానికి వెనక స్లాట్ పట్టీల (కార్డులు బిగించే చోట మూసే రేకుల) సందులు, యూఎస్‌బీ చిల్లులు, సైడ్ ప్యానెల్ అంచులు అన్నీ గాలి పీలుస్తాయి. వాటికి ఫిల్టర్ ఎవరూ పెట్టరు.

ముందు మూడు, వెనక, పైన కలిపి మూడు పెడితే సమానం అనుకుంటారు. కాదు. ముందు ఫిల్టర్ పెట్టగానే ఆ మూడింటి గాలి తగ్గుతుంది. బయటికి తోసే ఫ్యాన్లు గెలుస్తాయి. పైగా, బయటికి తోసే ఫ్యాన్ దగ్గర ఉన్న ఫిల్టర్ గాలికి అడ్డం తప్ప ఎందుకూ పనికిరాదు. మీకు ఫిల్టర్ కావలసింది ముందు.

సిల్వర్‌స్టోన్ వాళ్ల ఎఫ్‌టీ02 క్యాబినెట్ గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అడుగున మూడు 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఫిల్టర్ల మీదుగా గాలి లాగేవి, పైన ఒకే ఒక్క 120 బయటికి తోసేది.

ఇంటర్_కుర్రాడు:
అన్నా, ఫ్యాన్ గాలి ఏ వైపుకి వస్తుందో బిగించకముందే ఎలా తెలుస్తుంది? మా దాని మీద బాణం గుర్తు లేదు.

పాతబోర్డు:
మోటారును పట్టుకునే ప్లాస్టిక్ పుల్లలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపు నుంచి బయటికి వస్తుంది తమ్ముడూ. కొన్ని కంపెనీలు రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు కూడా అమ్ముతున్నాయి, వాటికి ఇది వర్తించదు. అలాంటివైతే కాసేపు తిప్పి చెయ్యి పెట్టి చూడు.

డాల్ఫిన్‌నోస్:
వైజాగ్ పోర్టుకి దగ్గర్లో ఉంటాం. మాది నల్లటి బొగ్గు ధూళి, దానికి సముద్రపు తేమ తోడు. పొడి దుమ్మయితే ఊదితే పోతుంది. ఇది హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య జిగటగా అంటుకుంటుంది, బ్రష్‌తో గీకాలి. అందుకే లోపలికి రాకముందే ఆపడం మాకు తప్పనిసరి.

ఒక మాట: స్పాంజ్ ఫిల్టర్లు కొనకండి. గాలిని బాగా ఆపేస్తాయి. తేమ ఉన్న చోట కొంతకాలానికి పొడిపొడిగా రాలి అదే లోపలికి పోతుంది. నైలాన్ మెష్ అయితే సబ్బునీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టుకోవచ్చు. అంచుకు అయస్కాంతం పట్టీ ఉన్నవి దొరుకుతాయి, ముందు ప్యానెల్ ఇనుముదైతే అతుక్కుంటాయి. ప్లాస్టిక్ అయితే వాటితోపాటు వచ్చే రెండో పట్టీ అంటించుకోవాలి.

పత్తిమార్కెట్:
ఆదిలాబాద్ నుంచి. మా ఇంటి పక్కనే జిన్నింగ్ మిల్లు. సీజన్‌లో పత్తి నూగు ఫిల్టర్ మీద దుప్పటిలా కప్పేస్తుంది, కొద్ది రోజుల్లోనే గాలి ఆగిపోతుంది. అందుకని నేను చెప్పేది, ఫిల్టర్ ఎంత సన్నగా ఉందనే దాని కంటే దాన్ని తియ్యడం ఎంత సులువో చూసుకోండి. నాకు క్యాబినెట్ జరపకుండా, వైర్లు పీకకుండా ముందు నుంచి చేతికొచ్చేది ఉంది. తీసి దులిపేస్తాను, అంతే. అడుగున వెనక నుంచి లాగే ఫిల్టర్‌ని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

ఓపెన్‌బెంచ్:
నేను ఒప్పుకోను. రాతిపొడి నైలాన్ మెష్ చిల్లుల కంటే చాలా సన్నం. ఎలాగూ దూరుతుంది. ఫిల్టర్ పెట్టి వేడి పెంచుకోవడం కంటే నెలకోసారి బ్లోయర్ కొట్టుకుంటే సరిపోదా?

పాతబోర్డు:
సన్న పొడి కొంత దూరుతుంది, నిజమే. కానీ రేకుల మధ్య మొదట ఇరుక్కునేది వెంట్రుకలు, నూలు పోగులు. సన్న పొడి వాటిని పట్టుకునే గట్టిపడుతుంది. ఆ పోగుల్ని మెష్ ఆపేస్తుంది. రిపేరుకు వచ్చిన సిస్టమ్‌లలో ఫిల్టర్ ఉన్నవాటికీ లేనివాటికీ తేడా విప్పగానే కనిపిస్తుంది.

బ్లోయర్ కొట్టేవాళ్లు ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. గాలికి వదిలేస్తే మామూలు కంటే చాలా వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఆ తిరుగుడుకి పుట్టే కరెంటు బోర్డులోకి వెళ్లే ప్రమాదమూ ఉంది.

ఓపెన్‌బెంచ్:
పోగుల సంగతి సరే, అది నేను ఆలోచించలేదు. మరి వేడి మాట?

డాల్ఫిన్‌నోస్:
ఫిల్టర్ వెనక పెట్టే ఫ్యాన్‌కి స్టాటిక్ ప్రెషర్, అంటే అడ్డు ఉన్నా గాలిని తోసే బలం, బాగుండాలి. ఆర్కటిక్ పీ12 లాంటివి అందుకే చేశారు. 4 పిన్నుల పీడబ్ల్యూఎం (వేగం మార్చుకోగలిగే) ఫ్యాన్లయితే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ముందువాటి వేగం కొంచెం పెంచి, వెనకదాన్ని తగ్గించి పెట్టుకోవచ్చు. స్ప్లిటర్‌తో మూడూ ఒకే చోట కలిపేముందు ఫ్యాన్ స్టిక్కర్ మీద ఆంపియర్లు కూడుకోండి, బోర్డు మీద ఫ్యాన్ వైరు గుచ్చే మామూలు హెడర్ 1 ఆంపియర్ దాకానే ఇస్తుంది. గదిలో 42 డిగ్రీలుంటే ఏ ఫ్యాన్ పెట్టినా లోపల అంతకంటే తగ్గదు, ఇది మాత్రం గుర్తుంచుకోవాలి.

పత్తిమార్కెట్:
ఎస్ఎంపీఎస్‌ని (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బాని) కూడా మర్చిపోకండి. అడుగు నుంచి గాలి పీల్చే రకమైతే క్యాబినెట్‌ని నేల మీద పెట్టొద్దు. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్మంతా దానికే. చిన్న స్టూల్ చాలు.

రాతినేల:
అందరికీ థాంక్స్. ముందు నైలాన్ మెష్ పెట్టాను. పైన ఫ్యాన్లు కొనలేదు, పైన ఉన్న ఫిల్టర్ అలాగే ఉంచాను. గ్రాఫిక్స్ కార్డ్ వేడి ఫిల్టర్ లేనప్పటి కంటే 3 డిగ్రీలు పెరిగింది, ప్రాసెసర్‌లో తేడా లేదు. లోపలికే ఎక్కువ గాలి వస్తోందని ఖాయంగా తెలుసుకోవడం ఎలా?

పాతబోర్డు:
సీలింగ్ ఫ్యాన్ ఆపి, అగరుబత్తి వెలిగించి వెనక స్లాట్ పట్టీల సందుల దగ్గర పట్టుకోండి. వెనక ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి, లేకపోతే దాని గాలే కనిపిస్తుంది. పొగ లోపలికి పోతుంటే వెనక ఫ్యాన్ వేగం తగ్గించండి, బయటికి తోస్తుంటే సరిగ్గానే ఉంది. నెల తర్వాత ఫిల్టర్ దుమ్ము పట్టాక మళ్లీ ఒకసారి చూడండి. ఆ రోజు పొగ లోపలికి తిరిగితే మీ ఊరి దుమ్ముకి ఫిల్టర్ అంతకంటే ముందే దులపాలని లెక్క.

రాతినేల:
ఇప్పుడే చూశాను. అన్ని సందుల్లోంచీ పొగ బయటికే వస్తోంది, ఒక్క ఎస్ఎంపీఎస్ పక్క సందు దగ్గర మాత్రం లోపలికి పోతోంది.

పాతబోర్డు:
ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ లాగుతోంది. దానికి క్యాబినెట్‌లోనే విడిగా అర ఉంటుంది కదా, మిగతా భాగంలోని గాలితో సంబంధం లేదు. ఆ సందుకి లోపలివైపు నుంచి టేపు వేసేయండి.