మా వాడు మత్తు కోసం పెయింట్ థిన్నర్ పీలుస్తున్నాడు, డాక్టర్ దగ్గరికి రానంటున్నాడు. ఎలా ఒప్పించాలి?

మా అబ్బాయికి 14 ఏళ్లు. రెండు నెలలుగా వారానికి మూడు నాలుగు సార్లు, సాయంత్రం 5, 6 గంటల మధ్య గదిలో తలుపేసుకుంటున్నాడు. బయటికొచ్చేసరికి మాట ముద్దగా ఉంటుంది, కళ్లు ఎర్రబడి ఉంటాయి, నడక తూలుతుంది. అరగంటలో మామూలవుతాడు గానీ తలనొప్పి అంటాడు, అన్నం సయించదు. ముక్కు చుట్టూ, పెదవుల పక్కన ఎర్రటి పొక్కులు. పరుపు కింద థిన్నర్ వాసనేసే గుడ్డలు, ఖాళీ డియోడరెంట్ డబ్బాలు దొరికాయి.

మొదట గట్టిగా కేకలేశాను. తప్పు చేశాను. పీల్చి ఉన్నప్పుడు భయపెడితే, తరిమితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని, మొదటిసారి పీల్చినవాళ్లకైనా ఆ ప్రమాదం ఉందని తర్వాత తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

థిన్నర్, వైట్‌నర్, స్ప్రేలు అన్నీ ఇంట్లోంచి తీసేశాను. పది రోజులకే మళ్లీ అదే వాసన. చేతికి డబ్బివ్వడం మానేశాను, గది గడియ తీయించాను. యూరిన్ డ్రగ్ టెస్టులో ఏమీ లేదని వచ్చింది. మామూలు టెస్టులు వీటిని పట్టుకోవట. ఇప్పుడు ఆ కాగితమే చూపించి "నాకేం లేదు" అంటున్నాడు. సైకియాట్రిస్టు దగ్గర రెండుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకున్నా గుమ్మం దాటలేదు. "నాకేమన్నా పిచ్చా?" అంటాడు.

థిన్నర్‌లో ఉండే టోలూయిన్ అనే రసాయనం మెదడును శాశ్వతంగా దెబ్బతీయగలదని చదివాక నాకు నిద్ర లేదు. అలాగని ఈడ్చుకెళ్తే అక్కడ నోరు విప్పడు.

ఈ వయసు పిల్లల్ని దీన్నుంచి బయటికి తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: మీ బిడ్డ మొదటిసారి డాక్టర్ దగ్గరికి రావడానికి ఎవరు, ఏం చెబితే ఒప్పుకున్నారు?