బడికి ప్యానెల్ వచ్చింది, చెడితే చూసేదెవరు?

లెక్కల మాస్టారు: ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో టెక్నాలజీకి పెట్టిన డబ్బు చిన్నది కాదు. 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇవ్వడం మొదలైంది. మరుసటి ఏడాదీ ఇచ్చారు. హైస్కూళ్లకు డిజిటల్ ప్యానెళ్లు (నల్లబల్ల స్థానంలో వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), చిన్న బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. ఈ ఖర్చు సరైనదేనా?

నేను సరైనదే అంటాను. స్థూపం పక్కతలాన్ని విప్పితే దీర్ఘచతురస్రం అవుతుందని ఇరవై ఏళ్లు సుద్దముక్కతో చెప్పాను. ప్యానెల్ మీద అది మెల్లగా విచ్చుకుంటుంటే, వెనక బెంచీ పిల్లాడు లేచి "సార్, అయితే ఆ పొడవు చుట్టుకొలతే కదా!" అన్నాడు. ఆ మాట కోసమే నేను ఈ వృత్తిలో ఉన్నాను. ఆ ప్యానెల్‌కు ఇప్పుడు టచ్ పనిచేయడం లేదు. ఫిర్యాదు చేసి నాలుగు నెలలైంది. దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాం.

ఎనిమిదో తరగతి పిల్లాడి అమ్మ: సార్, ప్యానెలే కాదు, ట్యాబ్ కూడా మావాడికి పనికొచ్చింది. పాఠాలన్నీ మెమరీ కార్డులోనే ఉండేవి కాబట్టి నెట్ లేకపోయినా మావాడు సైన్స్ చూసుకునేవాడు. నాకు చదువు రాదు, వాడికి ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. స్క్రీన్ పగిలాక ఎక్కడ ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. బీరువాలో పెట్టాను.

ఒంటరి టీచర్: మా బడిలో ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే. రెండో తరగతికి టీవీ పెట్టి నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నాను. దీన్ని డిజిటల్ విద్య అనకండి, దయచేసి. పెరూలో పల్లె బడి పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. తర్వాత పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో మెరుగుదల కనిపించలేదు. ముందు నాకు ఇంకో టీచర్‌ను ఇవ్వండి.

పాత కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్: మేడమ్ బాధ న్యాయమే. కానీ ఇది కొత్త కథ కాదండి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఐదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబ్‌లు వచ్చాయి. నేనూ ఒక బడిలో చేశాను. ఐదేళ్ల ఒప్పందం ముగిసింది, మమ్మల్ని ఇంటికి పంపారు. రెండేళ్ల తర్వాత చూడబోతే ల్యాబ్‌కు తాళం, లోపల యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి. చూసుకునే మనిషి పోయాడు, యంత్రాలూ పోయాయి.

లెక్కల మాస్టారు: మేడమ్, మీకు టీచర్ రావాల్సిందే, అందులో వాదన లేదు. అయితే టీచర్ జీతమూ, టెక్నాలజీ డబ్బూ ఒకదానికొకటి అడ్డని నేను అనుకోను. కేరళ చూడండి. అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థే ఈ పని చూస్తుంది. 45 వేల క్లాసురూముల్ని హైటెక్ చేశారు, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతారు, టీచర్లకు శిక్షణ వాళ్లే ఇస్తారు. 'లిటిల్ కైట్స్' పేరుతో పిల్లలే క్లబ్బులుగా ఏర్పడి బడిలో పరికరాల బాగోగులు చూస్తారు. మనం కొనుగోలు దగ్గరే ఆగిపోయాం.

నేను అడిగేది ఇంతే: మండలానికి ఒక టెక్నీషియన్, కొనే ప్రతిసారీ ఆ డబ్బులోంచే మరమ్మతుకు కొంత వాటా, చెడిన వస్తువును ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో బడి గోడ మీద రాసిపెట్టడం. మీ మండలంలో ఇలాంటి ఏర్పాటు ఏదైనా ఉందా? ఉంటే ఎలా నడుస్తోందో ఇక్కడ రాయండి.