కొసోవోను గుర్తించినందుకేనా మిగతా చోట్ల వేర్పాటు ఉద్యమాలకు ఊపొచ్చింది?

కృష్ణాతీరం

మా మేనల్లుడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర "సుమారు వంద దేశాలు కొసోవోను గుర్తించాయి కదా మామయ్యా, మనమెందుకు గుర్తించలేదు?" అని అడిగాడు. ఒకరికి తలుపు తీస్తే వెనకాలే పదిమంది వస్తారు, మన కశ్మీర్ సంగతి మనకుంది, అందుకే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. మా అక్క వచ్చి కంచాలు తీసేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. నా మాటలో తప్పుంటే చెప్పండి.

నా లెక్క ఇది. సెర్బియాలో భాగంగా ఉన్న కొసోవో 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. మర్నాడే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ గుర్తించేశాయి. సెర్బియా ఒప్పుకోలేదు, భద్రతా మండలి ఆమోదమూ లేదు. మండలి 1999 నాటి 1244 తీర్మానం సెర్బియా కూడా ఉన్న అప్పటి యుగోస్లావియా సరిహద్దులను గౌరవిస్తామనే చెప్పింది. ఇది ప్రత్యేక సందర్భం, దీన్ని చూపించి ఇంకెవరూ అడగకూడదు అన్నారు. అడగకూడదంటే అడగకుండా ఉంటారా? ఆర్నెల్లు తిరిగేసరికి, ఆగస్టు 26న, జార్జియా నుంచి విడిపోయిన అబ్‌ఖాజియాను, దక్షిణ ఒసేతియాను రష్యా గుర్తించింది. 2014 మార్చి 11న ఉక్రెయిన్‌లోని క్రిమియా పార్లమెంటు చేసిన స్వాతంత్ర్య ప్రకటనలో కొసోవో పేరే రాశారు. వారం తర్వాత పుతిన్ ప్రసంగంలోనూ అదే. 2022 ఫిబ్రవరి 21న ఉక్రెయిన్ తూర్పున ఉన్న దొనెత్స్క్, లుహాన్స్క్‌లను గుర్తించారు, మూడు రోజులకు యుద్ధం మొదలైంది. స్పెయిన్, సైప్రస్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా యూరోపియన్ యూనియన్‌లో ఉండి కూడా ఇప్పటికీ కొసోవోను గుర్తించలేదంటే వాళ్ల భయం ఊరికే పుట్టిందా?

ఓరుగల్లు శ్రీను

అన్నా, తేదీలన్నీ కరెక్టే. కానీ ముందు ఇది జరిగింది, తర్వాత అది జరిగింది, కాబట్టి దీనివల్లే అది అంటే ఒప్పుకోలేను. దక్షిణ ఒసేతియాలో యుద్ధం 1991-92లో, అబ్‌ఖాజియాలో 1992-93లో జరిగింది. అబ్‌ఖాజియా నుంచి రెండు లక్షల మందికి పైగా జార్జియన్లు ఇళ్లొదిలి పోయారు. కొసోవో ప్రకటనకు పదిహేనేళ్ల ముందు మాట ఇది. 2002 నుంచే రష్యా అక్కడివాళ్లకు తన పాస్‌పోర్టులు పంచుతోంది. 2008 ఏప్రిల్లో బుఖారెస్ట్‌లో నాటో కూర్చుని జార్జియా, ఉక్రెయిన్ ఎప్పటికైనా మాలో చేరతాయని ప్రకటించింది. ఆ ఆగస్టులో రష్యాకూ జార్జియాకూ జరిగిన యుద్ధానికి నా దృష్టిలో కొసోవో కన్నా ఇదే దగ్గరి కారణం. ఇక క్రిమియా ప్రకటన ఎప్పుడు రాశారు? ఫిబ్రవరి 27న తుపాకులు పట్టుకున్న మనుషులు పార్లమెంటు భవనంలోకి దూరి కూర్చున్నాక. కొసోవోను చూసి క్రిమియా జనం కదిలారనడానికి ఆ కాగితం సాక్ష్యమా? ముందే అనుకున్న పనికి దొరికిన సాకు అది.

మీ వాదన నిజమైతే 2008 తర్వాత అన్ని చోట్లా ఉద్యమాలు పెరగాలి కదా. స్పెయిన్‌లోని బాస్క్ సాయుధ సంస్థ ఈటీఏ 2011లో ఆయుధాలు పక్కన పెడతామంది, 2018లో సంస్థనే మూసేసింది. ఎల్‌టీటీఈ కొసోవో ప్రకటన వచ్చిన పదిహేను నెలలకే తుడిచిపెట్టుకుపోయింది. స్పెయిన్‌లోనే కాటలోనియాలో మాత్రం ఉద్యమం పెరిగింది, నిజమే. కానీ ఎప్పుడు? వాళ్ల స్వయంప్రతిపత్తి చట్టంలోని భాగాలను స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2010 జూన్ 28న కొట్టేసింది. జూలై 10న బార్సిలోనా వీధులు నిండిపోయాయి. కొసోవో ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది జూలై 22న, అంటే ఆ ఊరేగింపు అయిపోయిన 12 రోజులకు. జనం ఇంటి గొడవతోనే రోడ్డెక్కుతారు అన్నా, ఎక్కడో దూరాన ఎవరినో ఎవరో గుర్తించారని కాదు.

విశాఖ కిరణ్

మన దగ్గర చూడలేదా? 2013 జూలై 30న తెలంగాణ ఇస్తామని కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ అనగానే డార్జిలింగ్‌లో గూర్ఖాలాండ్ బంద్, అస్సాంలో బోడోలాండ్ ఆందోళన మొదలయ్యాయి. ఒకచోట ఇస్తే ఇంకోచోట అడుగుతారనడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉందా?

ఓరుగల్లు శ్రీను

కిరణ్ గారూ, దయచేసి ఈ రెంటినీ కలపొద్దు. మేం అడిగింది రాజ్యాంగం మూడో అధికరణ కింద ఇదే దేశంలో ఇంకో రాష్ట్రం. సైన్యం వేరు, జెండా వేరు అని ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో టీవీల్లో మమ్మల్ని "వేర్పాటువాదులు" అని పిలిస్తే ఎంత మంటగా ఉండేదో నాకు గుర్తుంది. పంజాబ్‌లో తుపాకులు పట్టినవాళ్లకు వాడిన మాట అది. కాలేజీ గేటు దగ్గర వంటావార్పు చేసిన పిల్లలకు కూడా అదే మాట వాడారు. గూర్ఖాలాండ్ డిమాండ్ కూడా 1980ల నుంచి ఉన్నదే, తెలంగాణ వల్ల పుట్టలేదు.

విశాఖ కిరణ్

మాట విషయంలో మీరన్నది న్యాయం, నొప్పించాలని రాయలేదు. కానీ "పుట్టలేదు" అనడం వేరు, "మళ్లీ రాజుకుంది" అనడం వేరు. రాజుకున్న సంగతి మీరూ కాదనలేరు.

అనంతపురం మాస్టారు

ముప్పై నాలుగేళ్లు సోషల్ చెప్పినవాణ్ని, కొంచెం పొడుగు రాస్తాను, ఓపిక పట్టండి.

మీరంతా కొసోవో దగ్గర మొదలుపెట్టారు. మన దేశమే ఇలాంటి గుర్తింపు ఒకటి ఇచ్చింది, దాన్ని ఎవరూ తలవలేదేం? 1971 డిసెంబర్ 6న ఇందిరాగాంధీ పార్లమెంటులో బంగ్లాదేశ్‌ను గుర్తిస్తున్నామని ప్రకటించారు. భూటాన్ కూడా అదే రోజు గుర్తించింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మా ఊరి పంచాయతీ రేడియో చుట్టూ జనం నిలబడి వార్తలు వినడం ఇప్పటికీ కళ్ల ముందుంది. పాకిస్తాన్ వెంటనే మనతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. 1972లో బంగ్లాదేశ్ ఐక్యరాజ్య సమితిలోకి రాకుండా చైనా వీటో వేసింది. చివరికి 1974 ఫిబ్రవరిలో పాకిస్తానే గుర్తించాల్సి వచ్చింది, అదే సెప్టెంబర్లో సమితిలో సభ్యత్వమూ వచ్చింది.

ఇప్పుడు కృష్ణాతీరం గారి సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడండి. పొరుగు దేశంలో విడిపోయిన భాగాన్ని మనం గుర్తించాం కాబట్టి మన ఈశాన్యంలో వేర్పాటు ఉద్యమాలు పెరగాలి. జరిగింది వేరు. మిజో నేషనల్ ఫ్రంట్‌కు, నాగా దళాలకు తూర్పు పాకిస్తానే ఆశ్రయం. చిట్టగాంగ్ కొండల్లో మిజోల శిబిరాలుండేవి. బంగ్లాదేశ్ పుట్టడంతో అవి పోయాయి. 1975లో నాగా వర్గాలతో షిల్లాంగ్ ఒప్పందం, 1986లో మిజో ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగాతో మిజో ఒప్పందం కుదిరాయి. 1987లో మిజోరాం రాష్ట్రమైంది, నిన్నటిదాకా తుపాకీ పట్టిన లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. ఇదంతా గుర్తింపు ఒక్కదానివల్లే అననుగానీ, ఉద్యమం వెనక నిలబడే అండ పోతే ఏమవుతుందో దీంట్లో తెలుస్తుంది.

మరి కదలిక ఎక్కడ వచ్చింది? పాకిస్తాన్‌లోనే. 1972లో సింధీ నాయకుడు జి.ఎం. సయ్యద్ ప్రత్యేక సింధుదేశ్ కావాలన్నాడు. 1973లో బలూచిస్తాన్ ప్రభుత్వాన్ని భుట్టో రద్దు చేస్తే అక్కడ తిరుగుబాటు లేచి 1977 దాకా సాగింది. ఒక దేశం ఒకసారి చీలితే మిగిలిన ముక్కలో ఉన్నవాళ్లు "మరి మేమో?" అనుకుంటారు, పాలకులు కూడా భయంతో ఇంకా గట్టిగా బిగిస్తారు, ఆ బిగింపే కొత్త మంట పెడుతుంది. నాకు అర్థమైనంతవరకు గుర్తింపు ప్రభావం ముందుగా, గట్టిగా పడేది చీలిన దేశంలోనే. దూరాన ఉన్నవాళ్లకు అది ఉపన్యాసంలో వాడుకునే ఉదాహరణ, అంతే.

మ్యూనిక్ రవి

మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు రెండుసార్లు చదివాను. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. గుర్తింపు ఇవ్వకపోవడం కూడా ఉద్యమాలకు ఒక పాఠం చెబుతుంది.

మా ఆఫీసులో కొసోవో రాజధాని ప్రిష్టినా నుంచి వచ్చిన ఆల్బేనియన్ (కొసోవోలో ఎక్కువమంది వాళ్లే) ఒకాయన ఉన్నాడు, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ ఆవిడ ఒకామె ఉంది. ఇద్దరితోనూ టీ తాగుతూ ఈ విషయం చాలాసార్లు మాట్లాడాను. 1989లో సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ కొసోవో స్వయంప్రతిపత్తి తీసేశాక ఆల్బేనియన్ టీచర్లను, పిల్లలను బడుల నుంచి వెళ్లగొట్టారు. ఈయన తన హైస్కూలు చదువంతా ఎవరింట్లోనో, బెంచీలు కూడా లేని గదిలో నేల మీద కూర్చుని చదివాడట. ఇబ్రహీం రుగోవా నాయకత్వంలో ఏళ్ల తరబడి శాంతియుతంగా నడిచారు. 1991లో రెఫరెండం పెట్టుకున్నారు, అల్బేనియా ఒక్కటే గుర్తించింది. అదే సమయంలో స్లొవేనియాకు, క్రొయేషియాకు గుర్తింపు వచ్చింది, జర్మనీ అయితే మిగతావాళ్ల కోసం ఆగకుండా 1991 డిసెంబర్ 23నే ఇచ్చేసింది. యుగోస్లావియాలో రిపబ్లిక్‌ల సరిహద్దులే దేశాల సరిహద్దులవుతాయని యూరప్ వేసిన బాడాంటేర్ కమిషన్ చెప్పింది. కొసోవో రిపబ్లిక్ కాదు, సెర్బియాలో ప్రావిన్స్, కాబట్టి దానికి లేదు. 1995లో బోస్నియా యుద్ధం ముగించిన డేటన్ ఒప్పందంలోనూ కొసోవో సమస్య తేల్చలేదు. యుద్ధం చేసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు, శాంతిగా ఉన్నవాళ్లను మర్చిపోయారు అని అక్కడి కుర్రాళ్లకు అర్థమైంది. ఆ తర్వాతే కొసోవో లిబరేషన్ ఆర్మీ బలపడింది, తర్వాత 1999లో యుగోస్లావియా మీద నాటో 78 రోజుల బాంబుదాడి. 2004 మార్చిలో సెర్బుల మీద, వాళ్ల చర్చిల మీద అల్లర్లు జరిగి 19 మంది చనిపోయారు. ముందు పాలనా ప్రమాణాలు చూపించండి, హోదా (స్వతంత్రమా కాదా) సంగతి తర్వాత చూద్దాం అంటూ వచ్చిన పెద్ద దేశాలు ఆ అల్లర్ల తర్వాతే హోదా చర్చను తొందరపెట్టాయి. ఇది చూసిన ఏ ఉద్యమకారుడైనా ఏం నేర్చుకుంటాడు? నన్ను భయపెట్టేది ఈ భాగం.

బెల్‌గ్రేడ్ ఆవిడ మాట కూడా రాయాలి. "ఒప్పందం కుదరకముందే గుర్తించేశారు, ఇక ప్రిష్టినాకు రాజీపడాల్సిన అవసరమేముంది, మాకు మాత్రం ఒప్పుకోవడానికి మొహమేముంది?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కృష్ణాతీరం

రవి గారూ, ఈ కోణం నేను ఆలోచించలేదు, నిజంగా. శ్రీను, అబ్‌ఖాజియా విషయంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా, అక్కడ కొసోవో కారణం కాదు, సాకు. అయినా సాకును తేలిగ్గా తీసేయకు తమ్ముడూ. సాకు లేకపోతే పెద్ద దేశం కూడా కొంచెం వెనకాముందు ఆడుతుంది. న్యాయం మాట్లాడేవాళ్లే నియమం తప్పితే, నియమం తప్పాలని చూసేవాడికి అడ్డుపడే నైతిక హక్కు ఎవరికి మిగులుతుంది?

ఇంకో ప్రశ్న. ఉత్తర కొసోవోలో, మిత్రోవిత్సా వైపు, సెర్బులే ఎక్కువ. 2012 ఫిబ్రవరిలో వాళ్లు ఓటింగ్ పెట్టుకుని మేం కొసోవో ప్రభుత్వాన్ని ఒప్పుకోం అన్నారు, ఓటేసినవాళ్లలో 99 శాతానికి పైగా అదే మాట. సెర్బియాను చీల్చొచ్చు గానీ కొసోవోను చీల్చకూడదు అంటే ఏ న్యాయం? బోస్నియాలోని సెర్బ్ రిపబ్లిక్‌లో సెర్బ్ నాయకుడు దోదిక్ విడిపోవడానికి రెఫరెండం అంటూ వచ్చాడు. మాస్టారు చెప్పినట్టు ప్రభావం దగ్గరివాళ్ల మీదే అయినా, ఆ దగ్గరివాళ్లు కూడా మనుషులే కదా.

ఓరుగల్లు శ్రీను

దోదిక్ ఆ మాట 2006లో మాంటెనెగ్రో విడిపోయినప్పుడే అన్నాడు అన్నా, అదేమో సెర్బియా ఒప్పుకున్న రెఫరెండం. 55 శాతం రావాలన్నారు, 55.5 వచ్చింది, సెర్బియా కూడా గుర్తించింది. ఒప్పందంతో జరిగినా అడిగేవాడు అడుగుతాడు. కానీ మాంటెనెగ్రోను చూపించి రష్యా ఏ యుద్ధాన్నీ సమర్థించుకోలేకపోయింది. మీ సాకు వాదనకు ఇది బలమిస్తుందని నాకు తెలుసు, అయినా రాస్తున్నా.

ఉత్తర కొసోవో మీద నాకు స్పష్టమైన అభిప్రాయముంది. ఉన్న పాలనా సరిహద్దును అలాగే ఉంచాలి. జాతిని బట్టి గీత మళ్లీ గీయడం మొదలుపెడితే ఆ గీత ఏ ఊరి మధ్యలోంచి పోతుందో, అక్కడ ఏం జరుగుతుందో బోస్నియాలో చూశాం. 2018లో రెండువైపుల అధ్యక్షులు సరిహద్దు మార్పుల గురించి మాట్లాడుకుంటే జర్మనీ గట్టిగా వద్దంది, సరైన పనే చేసింది. సెర్బులకు దక్కాల్సింది ఆ సరిహద్దు లోపలే, తమ బడులు, తమ మున్సిపాలిటీలు, తమ భద్రత. అవి ఇవ్వకుండా కొసోవో ప్రభుత్వం లాగుతోందంటే అది తప్పే.

కృష్ణాతీరం

ఈ చర్చ లింకు మేనల్లుడికి పంపాను. రాత్రి ఫోన్ చేశాడు. 2008లో మన విదేశాంగ శాఖ అన్నది కూడా చదివాడట: అన్ని దేశాల ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలి, ఇది చర్చలతో తేలాల్సింది, ఏకపక్ష ప్రకటనలో న్యాయపరమైన చిక్కులున్నాయి, పరిశీలిస్తున్నాం అని. కశ్మీర్ పేరు అందులో ఎక్కడా లేదు మామయ్యా అన్నాడు. పేరు లేనంత మాత్రాన ఆ లెక్క లేదని కాదు అన్నాను, అది నా అభిప్రాయమే అని ఒప్పుకున్నాను కూడా. తర్వాత వాడడిగింది ఇది, మాస్టారు చెప్పాలి: శాంతిగా ఉన్నవాళ్లకు గుర్తింపు ఇవ్వకపోతే తుపాకీకి విలువ పెరుగుతుందంటున్నారు కదా, మరి సోమాలిలాండ్ సంగతేంటి?

అనంతపురం మాస్టారు

మంచి ప్రశ్న వేశాడు, నా ఆశీస్సులు చెప్పండి. సోమాలియాకు ఉత్తర భాగమైన సోమాలిలాండ్ 1960 జూన్ 26న బ్రిటిష్ వాళ్ల నుంచి స్వాతంత్ర్యం పొంది, జూలై 1న ఇటాలియన్ సోమాలియాతో కలిసి, 1991 మేలో మళ్లీ విడిపోతున్నామని ప్రకటించింది. పాత వలస సరిహద్దే అడుగుతోంది, కొత్త గీత గీయమనలేదు. సొంత కరెన్సీ, ఎన్నికలు, అధికారం చేతులు మారడం అన్నీ చూసింది. 2005లో ఆఫ్రికన్ యూనియన్ పంపిన బృందమే దీన్ని ప్రత్యేకంగా చూడాలి, ఇది మిగతా వాటికి దారితీస్తుందన్న భయంతో ముడిపెట్టొద్దు అని రాసింది. అయినా 2025 డిసెంబర్లో ఇజ్రాయెల్ గుర్తించేదాకా, ముప్పై ఏళ్లకు పైగా, సమితి సభ్యదేశం ఒక్కటీ గుర్తించలేదు. ఆఫ్రికాలో సరిహద్దులు కదిపితే మా ఇల్లూ కూలుతుందన్న భయం అంత గట్టిది, నైజీరియా నుంచి విడిపోవాలని చూసిన బయాఫ్రా కాలం నుంచీ ఉన్నదే.

ఇందులో రవి గారి మాటకూ జవాబుంది, కృష్ణాతీరం గారి మాటకూ ఉంది. 2023లో సోమాలిలాండ్ తూర్పు అంచున లాస్ అనోద్‌లో అక్కడి తెగలు మేం మీతో ఉండం, సోమాలియాతోనే ఉంటాం అని తిరగబడ్డాయి. నెలల తరబడి పోరాటం నడిచి, ఆగస్టులో సోమాలిలాండ్ సైన్యం ఆ పట్టణం చుట్టుపక్కల నుంచి వెనక్కి పోయింది. అప్పటికి దాన్ని ఎవరూ గుర్తించనేలేదు. రేపు మనవాడు పరీక్షలో ఈ ప్రశ్న వస్తే లాస్ అనోద్ పేరు రాయమనండి, చాలామంది రాయరు.