వేటలో మా కుక్క పాయింట్ పెడుతోంది (పిట్ట వాసన పట్టి కదలకుండా నిలబడుతోంది), నేను దగ్గరికెళ్లేసరికి పిట్టని లేపేస్తోంది. ఏం చేయాలి?

జొన్నచేను_కాన్సాస్:
మేం అమెరికాలో, కాన్సాస్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటాం. మా కుక్క జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, ఆడది, 14 నెలలు, పేరు మల్లి. నవంబర్ రెండో శనివారం సీజన్ మొదలైనప్పటి నుంచి మూడుసార్లు ఐ-70 హైవే ఎక్కి కోల్బీ ఊరి వైపు వెళ్లొచ్చాం, పోను ఐదు గంటలకు పైనే. రోజుకి నాలుగు ఫెజెంట్ (అడవికోడి లాంటి పిట్ట) పుంజులు కొట్టుకోవచ్చని రూలు, మాకు మూడు ట్రిప్పుల్లో కలిపి దక్కినవి రెండే. పెట్రోల్ ఖర్చు లెక్కేసి మా ఆవిడ నవ్వుతోంది.

ముక్కు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. కోసేసిన జొన్న చేను అంచున గడ్డిలో వెళ్తూ వెళ్తూ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, ముందుకాలు ఒకటి మడిచి, తోక బిర్రుగా పెట్టి, పక్కటెముకల మీద చర్మం ఒక్కటే వణుకుతుంటుంది. నేను పది గజాల దూరంలోకి వచ్చేసరికి ఓరకంట నావైపు చూసి దూకేస్తుంది. అంతే, పుంజు కొక్కొక్కొక్ అని అరుచుకుంటూ లేవడం, మల్లి దాని వెనకే అర కిలోమీటరు పరుగు. మొదటి ట్రిప్పులో కొట్టిన రెండూ అలా లేచినవే, పరుగున వెళ్లి నోట కరుచుకొచ్చి ఇచ్చింది కూడా, అప్పుడైతే తెగ మురిసిపోయాను. తర్వాత రెండు ట్రిప్పులూ పిట్ట తుపాకీకి అందట్లేదు. షాక్ కాలర్ (రిమోట్ నొక్కితే షాక్ కొట్టే మెడపట్టీ) కొనమని తెలిసినాయన ఒకరు అంటున్నారు. దాంతో తుపాకీ చప్పుడంటేనే భయపడిపోతుందేమోనని నా టెన్షన్.

పాత_పాయింటర్:
ఆ రెండు పుంజుల్ని కొట్టారు చూడండి, గొడవంతా అక్కడే మొదలైంది. తను దూకింది, పిట్ట లేచింది, తుపాకీ పేలింది, నోట్లోకి పిట్ట వచ్చింది. మల్లి మీరు నేర్పిందే చేస్తోంది పాపం. ఇకమీదట తను లేపిన పిట్టని కొట్టొద్దు, పదడుగుల్లో లేచినా సరే. తను కదలకుండా నిలబడి, మీరు నడిచి లేపిన పిట్టనే కొట్టండి. కడుపు మండిపోతుంది, నాకు తెలుసు, మా మొదటి కుక్కతో సగం సీజన్ తుపాకీ చంకలో పెట్టుకుని ఊరికే తిరిగాను.

చేలో తిట్టి లాభం లేదు, పని ఇంటి దగ్గర మొదలవ్వాలి. 30 అడుగుల తాడు కట్టి, అన్నం గిన్నె ముందు ఆపండి, గుమ్మం దగ్గర ఆపండి, నడుస్తూ నడుస్తూ ఆపండి. ఇక్కడివాళ్లు 'వో' అంటారు. మనం రోజుకి వందసార్లు 'నో' అంటాం కదా, దాని చెవికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే నేను 'ఆగు' అనే నేర్పాను. ఇంట్లో పక్కా అయ్యాక పావురాలు. లాంచర్ డబ్బాలో పావురాన్ని పెట్టి గడ్డిలో దాచండి, కుక్క వాసన పట్టి ఆగాక ఒక్క అడుగు ముందుకేసిందా, రిమోట్ నొక్కి పావురాన్ని వదిలేయండి. దూకితే పిట్ట దక్కదని దానికి ఎక్కాలి. ఎన్నిసార్లు పడుతుందంటే, మీ ఓపిక.

కాలర్ చెడ్డదని అనను. కానీ ఆగు అంటే ఏంటో తెలియని కుక్కకి పిట్ట వాసన వచ్చినప్పుడు షాక్ ఇస్తే, పిట్టే కరిచిందనుకుంటుంది. తర్వాత వాసన వచ్చినా పక్కకి తప్పుకుపోయే కుక్కల్ని చూశాను, వాటిని బాగుచేయడం ఇంకా కష్టం.

గడ్డిలో_గాలి:
పాత_పాయింటర్ గారు చెప్పింది నిజమే కానీ తప్పంతా కుక్క మీదా మీ మీదా వేసుకోకండి, ఫెజెంట్ అసలు నిలబడే పిట్టే కాదు. ముందు కాళ్లకి పని చెప్తుంది, దారి లేకపోతేనే రెక్కలు. కుక్క మంచి పాయింట్ పెట్టి ఉంటుంది, ఈలోపు పుంజు మోళ్ల మధ్యలోంచి యాభై గజాలు పరుగెత్తేసి ఉంటుంది, వాసన పలచబడేసరికి కుక్క ముందుకి కదులుతుంది.

మీరు కుక్క వెనకాల నుంచి తిన్నగా వస్తున్నారా? రావద్దు. మీరు తోసుకొస్తున్నట్టు ఉంటుంది, అందుకే అలా చూసి దూకుతోంది. పక్కనుంచి దూరంగా చుట్టి ఎదురుగా రండి, పిట్ట మీ ఇద్దరి మధ్య ఇరుక్కోవాలి. గాలి ఎప్పుడూ కుక్క మూతికి కొట్టేలా చేలోకి దిగండి. కారు తలుపులు ధడేల్‌మని వేయొద్దు, సీజన్ ముదిరాక ఆ చప్పుడుకే చేను ఖాళీ అయిపోతుంది. చేను చివర మనిషిని నిలబెడితే ఇద్దరూ ఆరెంజ్ చొక్కాలు వేసుకోండి, పిట్ట కింద ఆకాశం కనపడితేనే కాల్చండి.

ఇంకో మాట, కుర్రకుక్కకి ముందు బాబ్‌వైట్ క్వెయిల్ చూపించండి. మన పూరేడు పిట్ట లాంటిది, ప్లమ్ పొదల్లో గుంపుగా కదలకుండా కూర్చుంటుంది. నిలబడటం దాని దగ్గరే నేర్చుకుంటుంది.

కొత్తగా_చూస్తున్నా:
మధ్యలో వస్తున్నందుకు సారీ అన్నా. నేను హెచ్-1బి మీద ఉన్నాను, అసలు తుపాకీ పట్టుకోవచ్చా? ఊళ్లో మా తాతయ్య కౌజుల వేట కబుర్లు తెగ చెప్పేవాడు.

పాత_పాయింటర్:
తాతయ్య కబుర్లు కబుర్లుగానే ఉంచు తమ్ముడూ, మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇప్పుడు కౌజుని కొట్టడం నేరం, జైలు దాకా పోవచ్చు. ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదు, అయితే చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. వీసా పోగొట్టుకునే విషయం కాబట్టి మీ లాయర్‌ని ఒకసారి అడిగాకే ముట్టుకో. లైసెన్స్‌కి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, కాన్సాస్‌లో 1957 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి మామూలుగా తప్పదు. పిట్ట దొరికాక హడావుడిగా మొత్తం శుభ్రం చేసేయకు, ఇల్లు చేరేదాకా ఒక కాలు ఉంచు. దారిలో వేట రూల్స్ చూసే వార్డెన్ ఆపితే పుంజో పెట్టో ఆ కాలి ముల్లు చూసే తేలుస్తాడు.

జొన్నచేను_కాన్సాస్:
అందరికీ థాంక్స్. వెనకాల నుంచే వెళ్తున్నానండీ, ప్రతిసారీ. వారం నుంచి 'ఆగు' మొదలుపెట్టాం. నిన్న మా ఆవిడ ఫోన్‌లో వాళ్ల చెల్లితో "ఆగు ఆగు, పాలు పొంగుతున్నాయి" అంది, హాల్లో మల్లి కాలు మడిచి నిలబడిపోయింది, పాలు మాత్రం పొంగిపోయాయి. పావురాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి.