మొదటి ఫ్లై రీల్: వంద డాలర్ల లోపు ఏది కొనాలి?

కొత్తగాలం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. చిన్నప్పుడు కాలువ గట్టున వెదురు కర్రకు నైలాన్ దారం కట్టి, నెమలి ఈకను బెండుగా పెట్టి, వానపామును గుచ్చి జెల్లలు, పరిగెలు పట్టేవాణ్ణి. ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయినా గాలం ముట్టుకోలేదు. పోయిన నెల మా ఆఫీసులో ఒకాయన రారిటన్ నది దక్షిణ పాయ మీద ఉన్న కెన్ లాక్‌వుడ్ గార్జ్‌కు తీసుకెళ్లి, ఒక గంట సేపు తన ఫ్లై రాడ్ (ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగును, అంటే ఫ్లైని, విసిరే గాలం కర్ర) నా చేతికిచ్చారు. చేప పడలేదు. కానీ ఆ లైన్ వెనక్కి వెళ్లి చాపుకుని మళ్లీ ముందుకు రావడం చూశాక నిద్రలో కూడా అదే కనిపిస్తోంది.

చేపల లైసెన్సు, ట్రౌట్ చేపలు పట్టడానికి కావలసిన స్టాంపు తీసుకున్నాను. 9 అడుగుల 5 నంబరు రాడ్ కొన్నాను. రీల్ (లైన్ చుట్టి ఉంచే చక్రం) దగ్గర ఆగిపోయాను. 40 డాలర్లకూ ఉన్నాయి, 500 డాలర్లకూ ఉన్నాయి. తేడా ఎక్కడుంది? నేను పెట్టగలిగింది వంద.

చెరువుగట్టు (ప్లేనో, టెక్సస్)

రీల్ సంగతి తరువాత చూద్దాం. లైన్ కొన్నారా? కొనకపోతే ఆ వందలో సగానికి పైగా లైన్‌కే తీసి పెట్టండి. మా కాలనీ చెరువులో బ్లూగిల్ అనే చిన్న చేపల మీద రెండేళ్లు నేర్చుకున్నాను. ఆ రెండేళ్లలో చేపను లాగడానికి రీల్ తిప్పిన సందర్భం ఒక్కటీ లేదు. అరచేతి వెడల్పు చేపలు, లైన్‌ను చేత్తోనే లాగేస్తాం.

వాగుదారి (డెన్వర్, కొలరాడో)

చెరువుగట్టు గారు చెప్పింది నిజం. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

మామూలు గాలంలో ఎర బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైలో ఉండేది ఈక, నూలు, చిన్న కొక్కెం. దానికి బరువు లేదు కాబట్టి లైన్‌కే బరువు పెట్టారు. 5 నంబరు లైన్ మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు ఉండాలని ప్రమాణం. ఫ్లైని గాలిలో మోసుకెళ్లేది ఆ 9 గ్రాములే. అందుకే నాసి లైన్‌తో ఎంత మంచి రాడ్ అయినా మొరాయిస్తుంది. విసిరేటప్పుడు రీల్‌కు పని లేదు. అది లైన్‌ను దాచుకుంటుంది, రాడ్ అడుగున బరువుగా ఉండి తూకం నిలుపుతుంది, ఎప్పుడైనా పెద్ద చేప పరుగెడితే లైన్ వదులుతుంది.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? 4/5 లేదా 5/6 అని రాసి ఉన్న సైజు తీసుకోండి, ఆ రీల్‌కు సరిపడే లైన్ నంబర్లు అవి. చేతిలో పట్టుకుని స్పూల్‌ను (లైన్ చుట్టుకునే తిరిగే భాగాన్ని) పక్కలకు కదిపి చూడండి, వదులుగా ఊగితే వద్దు. స్పూల్ అంచు ఫ్రేము బయటికి కనబడుతూ ఉండాలి. చేప పరుగెత్తేటప్పుడు ఆ అంచుకు అరచేయి ఆనించి ఆపవచ్చు, డబ్బు పెట్టి కొనక్కర్లేని బ్రేకు అది.

ఇక స్పూల్ మధ్యలో ఉండే ఇరుసు. దాన్ని ఆర్బర్ అంటారు, లావుగా ఉన్నది ఎంచుకోండి. లైన్ 3 అంగుళాల వ్యాసంతో చుట్టుకుని ఉంటే ఒక తిప్పుకు 9 అంగుళాలకు పైగా లోపలికి వస్తుంది. ఒకటిన్నర అంగుళాల వ్యాసమైతే 5 అంగుళాలు కూడా రాదు. పైగా సన్నని ఇరుసుకు చుట్టిన లైన్ చలికాలంలో స్ప్రింగులా ముడుచుకుపోయి నీటి మీద తిన్నగా పడుకోదు.

పోత పోసిన రీళ్లు చవక, ఒకే అల్యూమినియం దిమ్మ నుంచి చెక్కినవి ఖరీదు. నా మొదటిది పోత రీల్, పేరు అనవసరం. క్లియర్ క్రీక్ వాగులో రాయి మీద జారిపడితే అంచు ఒకచోట వెంట్రుక మందం వంగింది. అప్పటి నుంచి ప్రతి తిప్పుకూ అక్కడ ‘కర్’మని రాసుకునేది. ఇంటికి తెచ్చి సన్నని ఆకురాయితో అరగదీసి, గుడ్డతో తుడిచి, చుక్క నూనె వేస్తే దారికి వచ్చింది. మరో నాలుగేళ్లు పనిచేసింది. కాబట్టి పోతదని భయపడకండి, బండల మీద జాగ్రత్తగా నడవండి.

కొత్తగాలం

వాగుదారి గారూ, మీ జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నాను. ఒక అనుమానం. దుకాణంలో అబ్బాయి సీల్ చేసిన డిస్క్ డ్రాగ్ (పళ్లేల రాపిడితో స్పూల్ వేగాన్ని తగ్గించే, నీరు చేరకుండా మూసిన బ్రేకు) లేకపోతే దండగ అన్నాడు. క్లిక్ రకం మరీ పాతదట.

సుజాత (గ్రాండ్ రాపిడ్స్, మిషిగన్)

ఆ అబ్బాయి మాట మీకు వర్తించదు, నాకు వర్తిస్తుంది. నేను శీతాకాలంలో స్టీల్‌హెడ్ పడతాను. మహాసరస్సుల నుంచి నదుల్లోకి ఎగబాకే చేప అది. ఒక్క ఊపులో లైనంతా లాగేసి బ్యాకింగ్ (లైన్ కింద ముందుగా చుట్టే సన్నని దారం) దాకా వెళ్తుంది. దానికి మంచి డిస్క్ డ్రాగ్ కావాలి, సీల్ కూడా కావాలి. ఒక జనవరి ఉదయం డ్రాగ్‌లోకి చేరిన నీరు గడ్డకట్టి, చేప కొట్టిన క్షణంలో స్పూల్ కదలలేదు. ఫ్లైకి కట్టే సన్నని కొస దారం, టిప్పెట్, తెగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

కానీ పన్నెండు, పద్నాలుగు అంగుళాల ట్రౌట్‌కు అదంతా అక్కర్లేదు. క్లిక్ రీల్‌లో ఒక పళ్ల చక్రం, దానికి ఆనుకుని స్ప్రింగు మీద చిన్న నాలుక ఉంటాయి, అంతే. చెడిపోవడానికి లోపల ఏమీ లేదు. లైన్ లాగితే కీచురాయి అరిచినట్టు వినిపిస్తుంది, నాకు ఆ చప్పుడంటే ప్రాణం. రెడింగ్టన్ జీరో ఆ రకానిదే, చాలా తేలిక. పాత ఫ్లూగర్ మెడలిస్ట్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ఇరుసు సన్నగా ఉన్నా తరాల తరబడి నిలిచినవి. డిస్క్ డ్రాగే కావాలనుకుంటే ఆర్విస్ క్లియర్‌వాటర్ చూడండి, ఇరుసు లావుగా ఉంటుంది.

వాగుదారి (డెన్వర్)

సుజాత గారి మాటకు ఒకటి కలుపుతాను. డ్రాగ్ బిగుతు ఎంత అన్నదాని కంటే అది మొదలయ్యే క్షణం ముఖ్యం. డెక్కర్స్ దగ్గర సౌత్ ప్లాట్ నదిలో మేము 6ఎక్స్ టిప్పెట్ వాడతాం, 0.127 మిల్లీమీటర్ల దారం. చవక డిస్క్ డ్రాగ్‌లు కొన్ని మొదట పట్టుకుని, తరువాత ఒక్కసారిగా వదులుతాయి. ఆ కుదుపుకే దారం తెగుతుంది. దుకాణంలో లైన్ కొసను రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. మొదటి అంగుళం కూడా మిగతా అడుగులాగే నునుపుగా రావాలి.

మంచునీరు (హైదరాబాద్)

ఇక్కడి నుంచి ఏడాదికొకసారి హిమాచల్‌లోని తీర్థన్ లోయకు వెళ్తాను. మత్స్యశాఖ పర్మిట్ తీసుకుని గుషైణి చుట్టుపక్కల బ్రౌన్ ట్రౌట్ పట్టి వదిలేస్తాం. మన దేశంలో ఫ్లై రీళ్లు అమ్మే దుకాణాలు తక్కువ, అందుకే మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన పాత క్లిక్ రీల్‌తోనే నెట్టుకొస్తున్నాను. గట్టున పెట్టినప్పుడు ఇసుక చేరితే స్పూల్ ఊడదీసి నదిలోనే కడిగేస్తాను. విడి భాగాలు దొరకని చోట లోపల తక్కువ సామాను ఉన్న రీలే మేలు. ఇంకో విషయం, ఎడమ చేత్తో తిప్పుతారా, కుడి చేత్తోనా అన్నది లైన్ చుట్టకముందే తేల్చుకోండి. నేను మొత్తం చుట్టేశాక చూసుకుంటే తిప్పే దిశ తిరగేసి ఉంది. ఒక సాయంత్రమంతా విప్పి, మళ్లీ చుట్టాను.

చెరువుగట్టు (ప్లేనో)

రీల్ తిప్పే పని పడలేదన్నానుగా, మొన్న శనివారం పడింది. అదే చెరువులో కామన్ కార్ప్ తగిలింది, మన ఊళ్లలో బంగారు తీగ అని పెంచేది ఇదే. కాళ్ల దగ్గర వదులుగా ఉన్న లైనంతా గడ్డిలోంచి లేచి సర్రున వెళ్లిపోయింది. నా రీల్ చవకది, క్లిక్ రకం. స్పూల్ లైన్ కంటే వేగంగా తిరిగి లోపల చిక్కు పడబోయింది. వెంటనే అంచుకు అరచేయి ఆనించాను. పావుగంటకు గట్టు చేరింది, వదిలేశాను. అరచేతిలో ఎర్రని గీత మిగిలింది.

కొత్తగాలం

కొనేశాను. దుకాణంలో నాలుగు రీళ్ల మీద వేళ్లతో లాగి చూశాను. ఒకదానికి మొదటి కుదుపు స్పష్టంగా తెలిసింది, పక్కన పెట్టేశాను. చివరికి సెకండ్ హ్యాండ్ అరలో 4/5 సైజు క్లిక్ రీల్ 45 డాలర్లకు దొరికింది, అంచు మీద రెండు గీతలున్నాయి, స్పూల్ ఊగడం లేదు. మిగిలిన డబ్బుకు కొంచెం చేర్చి నీటి మీద తేలే వెయిట్ ఫార్వర్డ్ (ముందు భాగంలో బరువు ఎక్కువ ఉండే) లైన్ తీసుకున్నాను. బ్యాకింగ్ ఎంత చుట్టాలి?

వాగుదారి (డెన్వర్)

మంచి బేరం. 20 పౌండ్ల డాక్రాన్ బ్యాకింగ్ 50 గజాలు మీ నదికి చాలు. కానీ గజాల లెక్క కంటే నిండుదనం చూడండి. లైనంతా చుట్టాక స్పూల్ అంచుకు నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అంతకంటే నిండితే లైన్ ఫ్రేము కడ్డీలకు రాసుకుని పై పూత పోతుంది. చుట్టేటప్పుడు లైన్‌ను రెండు వేళ్ల మధ్య పట్టి ఉంచమని ఇంట్లో ఎవరినైనా అడగండి, వదులుగా చుడితే తరువాత ఒక పొర కిందికి ఇంకో పొర దూరిపోతుంది.

కొత్తగాలం

మా అమ్మాయి పట్టుకుంది, నేను ఎడమ చేత్తో తిప్పాను. సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు మిగిలింది, దాని స్కూలు స్కేలుతో అదే కొలిచింది. ఈ ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం గార్జ్‌కు బయలుదేరుతున్నాం.